రాయి రాసుకున్న వానలు

మే నెల. ఆదివారం. కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ల మీద పడ్డ ఎండ మొహానికి కొడుతోంది. బెలూం గుహల మెట్ల దగ్గర డెబ్భై ఎనిమిదేళ్ల పెద్దాయన మనవరాలి భుజం పట్టుకుని ఆగిపోయారు. గుహలకు పాతిక కిలోమీటర్ల దూరంలోనే సొంతూరు. అయినా ఒక్కసారి కూడా లోపలికి దిగలేదు. పశువులు కాసే వయసులో 'బిలంలోకి పోయినోడు తిరిగిరాడు' అని పెద్దవాళ్లు బెదిరించేవారట. ఆ భయం పోయాక కూడా వెళ్లలేదు. పనిలేని చోటికి వెళ్లడం ఆయనకు అలవాటు లేదు.

ఇప్పుడొచ్చింది కూడా మనవరాలి పోరు పడలేకే. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తోంది. సెలవులకు ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఒకటే మాట... బోరు!

ఉన్నది ఎనిమిదెకరాలు. ఇప్పటికే మూడు బోర్లు వేశారు. రెండింట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోది రెండేళ్లు పోసి ఆగిపోయింది. ఇంకాస్త లోతుకు పోతే నీళ్లు పడతాయని కొడుకు పట్టుదల. అప్పు ఇచ్చే మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు. పెద్దాయన మాత్రం ఒప్పుకోవడం లేదు.

'కరువు ఎంత ముదిరినా మూడేండ్లేరా. నాలుగో ఏడు వానొస్తాది. నేను సూసినా, మా నాయన సూసినాడు. రెండేండ్లు అయిపోయినాయి. ఇంకొక్క ఏడు ఓపిక పట్టు' అన్నది ఆయన వాదన.

'మూడేళ్లకే పోతుందని ఎవరు రాసిచ్చినారు నాయనా?' అన్నది కొడుకు ప్రశ్న.

మనవరాలు ఇద్దరి మాటా విన్నది. మూడో రోజు రాత్రి అన్నం తింటూ 'జేజినాయనా, ఎవరు రాసినారో చూపిస్తా, నాతో రా' అంది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

చుక్క వెనక చుక్క

మెట్లు దిగి లోపలికి వెళ్తే బయటి ఎండ గుర్తుకురాదు. అలాగని చల్లగానూ ఉండదు. ఉక్కపోత. నడవాలూ గదులూ అన్నీ కలిపి బెలూం గుహల పొడవు 3,229 మీటర్లు. సందర్శకులు నడిచేందుకు వీలుగా ఉన్నది అందులో దాదాపు కిలోమీటరున్నర. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత 1982-83లో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషి వచ్చి, లోపల పాకి, దేకి పటాలు గీశాడు. 2002లో పర్యాటకులకు తలుపులు తెరిచారు. అప్పటిదాకా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది ఉట్టి బిలమే.

కోటిలింగాల గది దగ్గర పెద్దాయన చేతులు జోడించారు. పైకప్పు నుంచి వేలాడుతున్న రాళ్లన్నీ లింగాల్లానే ఉన్నాయి మరి! వేయిపడగల దగ్గర తలెత్తి చాలాసేపు చూశారు. ఒక రాయిని పట్టుకోబోతే మనవరాలు గబుక్కున చెయ్యి పట్టుకుంది.

'తాకొద్దు జేజినాయనా. మన చేతి జిడ్డు అంటుకుంటే దాని మీద సున్నం సరిగా పేరుకోదు. పెరగడం ఆగిపోతుంది.'

'రాయి పెరుగుతాదా?'

పెరుగుతుంది. అదే కదా అసలు కథ!

వాన చినుకు నేలలోకి ఇంకేటప్పుడు ఉత్తచేతుల్తో పోదు. చెట్ల వేళ్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని పోతుంది. దాంతో ఆ నీటికి గోలీసోడాలో ఉండేలాంటి కాస్తంత పులుపు వస్తుంది. దారిలో సున్నపురాయి తగిలితే మెల్లగా కరిగించుకుంటుంది. అలా సున్నాన్ని మోసుకుంటూ వెళ్లి గుహ పైకప్పు నుంచి వేలాడుతుంది. అక్కడ ఖాళీ గాలి తగలగానే, సోడా మూత తీసినట్టు గ్యాస్ కాస్తా బయటికి పోతుంది. ఇక సున్నాన్ని పట్టి ఉంచే శక్తి నీటికి ఉండదు. పైకప్పుకు కొంత అంటించి, మిగిలింది కింద రాల్చి పోతుంది. పైనుంచి కిందికి వేలాడుతూ పెరిగేది స్టాలక్టైట్. చుక్క పడ్డచోట నేల మీది నుంచి పైకి లేచేది స్టాలగ్మైట్.

ఆ లేవడం కూడా ఎంతో నెమ్మదిగా. ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగిందనుకుంటే... మోకాలెత్తు రాయి లేవడానికే అయిదు వేల సంవత్సరాలు! ఇంకా నెమ్మదిగా పెరిగేవీ ఉన్నాయి. నిలువుగా కోసి చూస్తే చెట్టు మొద్దులోని వలయాల్లా పొర మీద పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఏడాదికొక పొర. కర్ణాటకలోని అకలగవి గుహలో దొరికిన ఒక రాతిలో అలాంటి పొరల్ని లెక్కించి 331 ఏళ్ల వానల చరిత్రను తీశారు అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు.

'పొరలు సరే. ఏ పొర ఎప్పటిదో ఎట్ల తెలుస్తాది?' పెద్దాయన ఆరా తీశారు.

దానికీ రాతిలోనే గడియారం ఉంది. యురేనియం నీటిలో కరుగుతుంది. థోరియం కరగదు. కాబట్టి కొత్తగా పేరుకున్న సున్నపు పొరలో కాసింత యురేనియం ఉంటుంది కానీ థోరియం దాదాపు ఉండదు. ఆ తర్వాత లోపలి యురేనియం తన లెక్క ప్రకారం థోరియంగా మారుతూ పోతుంది. ఎంత థోరియం పోగైందో కొలిస్తే పొర వయసు తెలిసిపోతుంది. ఇసుక గడియారంలో కింద పడ్డ ఇసుకను చూసి ఎంతసేపైందో చెప్పినట్టే! ఈ పద్ధతిలో దాదాపు ఆరు లక్షల సంవత్సరాల వెనక్కి వెళ్లొచ్చు.

తూర్పారబట్టిన మేఘం

వయసు సంగతి తేలింది. మరి ఆ ఏడు వాన బాగా పడిందో లేదో రాయికెలా తెలుసు?

మనవరాలు కాసేపు ఆలోచించింది. ఐసోటోపులూ, నిష్పత్తులూ అంటే జేజినాయనకు ఎక్కదు. ఆయనకు తెలిసిన పనినే ఎత్తుకుంది.

'కల్లంలో తూర్పారబడతావు కదా... చేట ఎత్తి వదిలితే ఏది దగ్గర పడుతుంది?'

'గట్టి గింజ. తాలు గాలికి దూరంగా పోతాది.'

'మేఘం కూడా అంతే చేస్తుంది.'

నీటిలో ఆక్సిజన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఆక్సిజన్-16 అనే తేలిక రకం. సుమారు ప్రతి అయిదొందల పరమాణువుల్లో ఒకటి మాత్రం ఆక్సిజన్-18 అనే బరువు రకం. సముద్రం మీద లేచిన రుతుపవన మేఘం కురుస్తూ వస్తుంటే బరువు రకం ముందు రాలిపోతుంది. వాన ఎంత గట్టిగా కురిస్తే, మిగిలిన ఆవిరిలో బరువు రకం అంత తగ్గిపోతుంది. అందుకే మంచి వానలు పడ్డ ఏడాది నీటిలో సగటున ఆక్సిజన్-18 తక్కువగా ఉంటుంది. చాలీచాలని వానల ఏడాదిలో ఎక్కువగా ఉంటుంది. ఆ నీరే గుహలోకి దిగి సున్నంగా పేరుకుంటుంది కాబట్టి రాతిపొరలోనూ అదే లెక్క మిగిలిపోతుంది. దంతవైద్యుడి దగ్గరుండేలాంటి సన్నటి డ్రిల్లుతో పొరపొరకూ చిటికెడు పొడి తీసి, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో పరీక్షిస్తే ఆ లెక్క బయటికొస్తుంది.

అయితే ఒక్క రాయి చెప్పిందే వేదం కాదు. మేఘం ఏ సముద్రం నుంచి వచ్చింది, ఎంత దూరం నడిచింది అన్నదాన్ని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. అందుకే ఒక గుహ సాక్ష్యాన్ని ఇంకో గుహ సాక్ష్యంతో పోల్చి చూస్తారు. ఊళ్లో తగువు తీర్చే పెద్దమనుషుల్లాగే!

పెద్దాయన తల ఊపారు. తూర్పారబట్టే మేఘం ఆయనకు బాగా నచ్చింది.

మన గుహల సాక్ష్యం

ఈ విద్యకు మన నేల కొత్తదేమీ కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని వాల్మీకి గుహ నుంచి తీసిన ఒక స్టాలగ్మైట్‌ను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించారు. పదిహేను వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముగుస్తున్న రోజుల్లో ఓ వెయ్యేళ్ల పాటు ఇక్కడ వానలు ఎలా పెరిగాయో, ఎలా తగ్గాయో ఆ రాతి నుంచి చదివారు. 2014లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

మేఘాలయలో చిరపుంజి దగ్గరున్న మామ్లూ గుహది ఇంకా పెద్ద కథ. అక్కడి ఒక రాతిలో సుమారు 4,200 ఏళ్ల కిందట రుతుపవనాలు బలహీనపడిన గుర్తు స్పష్టంగా కనిపించింది. 2018లో ప్రపంచ భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతినే ప్రామాణికంగా తీసుకుని, అప్పటి నుంచి నేటిదాకా సాగుతున్న కాలానికి 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. అంటే మనం బతుకుతున్న ఈ యుగం పేరే ఒక గుహలోని చుక్కల వల్ల వచ్చింది! ప్రపంచంలో మొదటి వంద భూగర్భ వారసత్వ స్థలాల జాబితాలో 2022లో ఆ గుహకు చోటు దక్కింది.

ఆ కాలంలోనే సింధు లోయలో మొహెంజొదారో, హరప్పాల వైభవం తగ్గడం మొదలైంది. ఉత్తరాఖండ్‌లోని పితోరాగఢ్ దగ్గర ధరమ్‌జలి గుహ రాతిని పరిశీలించిన బృందం 2023లో ఒక సంగతి బయటపెట్టింది. 4,200 నుంచి 3,970 ఏళ్ల కిందటి వరకూ ఆ ప్రాంతంలో మూడు పెద్ద కరువులు వచ్చాయి. ఒక్కోటీ పాతికేళ్ల నుంచి తొంభై ఏళ్ల దాకా సాగింది. నగరాలు ఒక్కరోజులో కూలిపోలేదు. జనం మెల్లగా తూర్పు దిక్కుకు కదిలారు. చిన్న చిన్న పల్లెలు కట్టుకున్నారు. తక్కువ నీటితో పండే చిరుధాన్యాల వైపు మళ్లారు.

పెద్దాయన నడక ఆపేశారు. 'తొంభై ఏండ్లా?'

'తొంభై ఏళ్లు జేజినాయనా.'

అంత పాత సంగతి మనకెందుకులే అనుకోవడానికి లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లో దండక్ గుహ ఉంది. ఆ రాతిలో క్రీస్తుశకం 600 నుంచి 1500 దాకా వానల లెక్క దొరికింది. 14వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం మధ్య వరకూ రుతుపవనాలు దశాబ్దాల తరబడి మొండికేశాయని అది చెబుతోంది. దక్కన్‌ను పీడించిన దుర్గాదేవి కరువు సరిగ్గా ఆ కాలానిదే. 1396లో మొదలై దాదాపు పన్నెండేళ్లు సాగిందని చరిత్రలో చెప్పుకుంటారు.

మూడేళ్ల నమ్మకం

పాతాళగంగకు దారితీసే మెట్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. గుహలో అన్నిటికంటే లోతైన చోటు అదే, 46 మీటర్లు. పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

'మా జేజి ధాతు కరువు గురించి చెప్పేది. ఆమెకు వాళ్ల జేజి చెప్పిందంట. గింజ లేక గడ్డిదుంపలు తవ్వుకొని తిన్నారంట' అన్నారు.

ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలైన ఆ కరువు 1878 దాకా కర్నూలు, బళ్లారి, కడప ప్రాంతాలను పీల్చి పిప్పి చేసింది. వానలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. జనం ఆకలితో చస్తున్నా రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. అంతకుముందు 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన నందన కరువుకు మూడో వంతు జనం పోయారని లెక్క. ఇళ్లలో పెద్దవాళ్ల జ్ఞాపకం అక్కడితో ఆగిపోతుంది.

వాతావరణ శాఖ పుట్టింది 1875లో. దేశం మొత్తానికి పనికొచ్చే వాన లెక్కలు 1871 నుంచి ఉన్నాయి. అంటే నూటయాభై ఏళ్లు దాటాయంతే! ఆనకట్ట ఎంత ఎత్తు కట్టాలి, కాలువకు ఎన్ని నీళ్లు వదలాలి, పంట బీమా ప్రీమియం ఎంత ఉండాలి... వీటన్నిటికీ ఆధారం ఆ లెక్కలే. ఆ లెక్కల్లో 1972 ఉంది. జులై నెలలో కురవాల్సిన వానలో సగం కూడా పడని 2002 ఉంది. 2009 ఉంది. కానీ దేశం మొత్తమ్మీద చూస్తే వరసగా మూడేళ్లకు మించిన కరువు అరుదు.

అంటే పెద్దాయన మాట తప్పేమీ కాదు. ఆయన చూసినదానికీ, యంత్రాలు చూసినదానికీ సరిగ్గా సరిపోయింది. తేడా అల్లా చూసిన కాలంలోనే ఉంది. మామ్లూ గుహ రాళ్ల నుంచి గత వెయ్యేళ్ల లెక్కను ఏడాదికేడాదిగా తీసి 2022లో ప్రచురించిన శాస్త్రవేత్తలు ఇదే చెప్పారు. అంతకుముందు శతాబ్దాల్లో మూడేళ్లకు మించి సాగిన కరువులు పదేపదే వచ్చాయి. ఈ నూటయాభై ఏళ్లను చూసి 'కరువంటే ఇంతే' అనుకుంటే పొరపాటు పడతాం.

'అయితే మీ నాయన మాటే నిజమా? బోరు ఏసుకోవాల్నా?'

'అదీ కాదు జేజినాయనా. కరువు మూడేళ్లకు పోకపోతే బోరులో నీళ్లు మాత్రం ఎక్కడివి? అవీ ఒకప్పటి వానలే కదా. లోతుకు పోయేకొద్దీ పాత నీళ్లు తోడుకుంటున్నాం. పైనుంచి దిగకుండా లోపల నిండదు.'

ఆయన మాట్లాడలేదు. ఆ పిల్ల చైనా గుహ సంగతి ఎత్తుకుంది. అక్కడి చిన్‌లింగ్ పర్వతాల్లో దాయు అనే గుహ ఉంది. దాని గోడల మీద 1520 నుంచి 1920 దాకా ఊరివాళ్లు రాసిన రాతలున్నాయి. కరువొచ్చినప్పుడల్లా జనం ఆ గుహలోకి వెళ్లి నీళ్లు తెచ్చుకునేవారు. 1891లో అయితే స్థానిక అధికారి ఒకరు రెండొందల మందికి పైగా జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లారు. జోస్యుడొకాయన వాన కోసం ప్రార్థన చేశాడు. అదంతా గోడ మీద రాసి ఉంది. తర్వాత శాస్త్రవేత్తలు అదే గుహలోని స్టాలగ్మైట్‌ను పరీక్షించారు. మనుషులు గోడ మీద 'కరువు' అని రాసిన ఏళ్లకూ, రాయి తనలో రాసుకున్న ఏళ్లకూ లెక్క కుదిరింది. 2015లో ఈ విషయం ప్రపంచానికి తెలిసింది.

'మనం గూడా కప్పకు పెండ్లి చేసి, కావడి ఎత్తి నీళ్లు పోస్తుంటిమి కదా. ఎవరూ రాసిపెట్టలా' అన్నారు పెద్దాయన.

'రాయి రాసి ఉంటుందిలే' అంది మనవరాలు.

ఇరగ్గొడితే ఇక లేదు

తిరిగి వస్తుంటే దారి పొడవునా లారీలు. అన్నిట్లోనూ నాపరాయే. ఈ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టేది ఆ రాయే కాబట్టి వద్దనడానికి లేదు. కానీ సున్నపురాయి ఉన్నచోటే గుహలుంటాయి. సున్నపురాయి ఉన్నచోటే క్వారీలూ ఉంటాయి. విశాఖ మన్యంలో బొర్రా గుహల చుట్టూ కూడా ఖనిజం కోసం ఇలాంటి పెనుగులాటే జరిగింది. గిరిజనుల భూములను గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఆ అనంతగిరి కొండల్లో పుట్టినదే. బొర్రాలో లింగంలా లేచిన స్టాలగ్మైట్‌కు శివరాత్రి నాడు గిరిజనులు పూజలు చేస్తారు. శాస్త్రవేత్తకు అదే రాయి గ్రంథం. ఎవరి కళ్లతో చూసినా కాపాడుకోవాల్సిన వస్తువే.

ఎందుకంటే పేరుకోవడానికి పదివేల ఏళ్లు పట్టినదాన్ని ఇరగ్గొట్టడానికి ఒక్క నిమిషం చాలు. గుర్తుగా ఉంటుందని ఇంటికి తెచ్చిన రాతిముక్క షోకేసులో దుమ్ము పట్టిపోతుంది. అందులోని వానల లెక్క చదివేవాళ్లు ఉండరు. శాస్త్రవేత్తలు కూడా వీలైనంత వరకూ అప్పటికే విరిగి పడిన రాళ్లను వెతుక్కుంటారు. తప్పనిసరైతేనే, అనుమతి తీసుకుని చిన్న నమూనా తీసుకుంటారు.

ఆ రాత్రి ఇంట్లో మళ్లీ బోరు మాట వచ్చింది. ఈసారి మొదలుపెట్టింది పెద్దాయనే.

'మూడేండ్లని నేను పట్టుబట్టను. పదేండ్లు పట్టినా పట్టొచ్చు. అందుకే అప్పు చేసి పాతాళానికి పోవద్దు అంటున్నా. కింది చెలకలో పల్లం ఉంది సూడు... ఆడ కుంట తవ్వుదాం. పడ్డ వాన పడ్డట్టు నిలబడితే చాలు. నాలుగెకరాలు కొర్ర ఏద్దాం.'

కొడుకు వెంటనే సరేననలేదు. కొర్రకు ధర రాదన్నాడు. కుంట తవ్వడానికీ డబ్బు కావాలన్నాడు. రెండు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. మూడో రోజు పొద్దున తనే తండ్రిని వెంటబెట్టుకుని పల్లానికి వెళ్లి, మోకుతో కొలత వేశాడు. బోరు మాట పూర్తిగా పోలేదు. వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

మృగశిర కార్తె దాటిన నాలుగో రోజు సాయంత్రం హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో ఉన్న మనవరాలికి ఫోన్ వచ్చింది. అవతల పెద్దాయన గొంతు కంటే వాన చప్పుడే ఎక్కువగా వినిపిస్తోంది.

'పాపా, మంచి పదునైంది. కుంటలోకి మోకాలు లోతు నీళ్లొచ్చినాయి. ఈ వాన ఆ బిలంలోకి దిగేదానికి ఎన్నాళ్లు పడతాది?'

'ఒక్కో గుహలో ఒక్కోలా ఉంటుంది జేజినాయనా. కొన్నిచోట్ల వారాలు, కొన్నిచోట్ల నెలలు, ఏళ్లు కూడా.'

'దిగినాక ఎంత మందం పేరుకుంటాది?'

'వెంట్రుకంత.'

అటువైపు కాసేపు వాన చప్పుడే.

'సాల్లే. వెంట్రుకంతైనా రాసుకోనీ' అన్నారు పెద్దాయన.